రెజ్లింగ్ సీజన్ మొదలయ్యేలోపు: రెఫరీ చూసేవన్నీ ముందు మన ఇంట్లో చూసుకుందాం

మావాడి మొదటి మ్యాచ్ రోజు, బరువు చూసే గదిలోంచి కోచ్ బయటికొచ్చి నన్ను చెయ్యూపి పిలిచాడు. లోపలికెళ్తే మావాడు షార్ట్స్‌తో నిలబడి ఉన్నాడు, ముఖం కందిపోయి. రెఫరీ పెన్ను కొనతో వాడి నడుము దగ్గర చూపించి ఇదేంటని మర్యాదగానే అడిగాడు. నల్ల మొలతాడు. ఆ వేసవిలో గుంటూరు వెళ్ళినప్పుడు వాళ్ళ నానమ్మ కట్టింది. ఎదుటి కుర్రాడి వేలు అందులో ఇరుక్కుంటే విరుగుతుంది, తీయకపోతే మ్యాట్ ఎక్కనివ్వను అన్నాడాయన. "నాన్నా, కత్తిరించేయనా?" అని మావాడు నా వైపు చూశాడు. టేపు కోసే కత్తెరతో కోచే కత్తిరించాడు. వాడా రోజు మొదటి నిమిషంలోనే చిత్తయిపోయాడు. బలం చాలక కాదు, మనసు అక్కడ లేక.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందే చెబితే నేనే విప్పి దేవుడి దగ్గర పెట్టేదాన్ని కదరా" అంది.

ఆ మాట నాకు అలాగే ఉండిపోయింది. మావాడు న్యూజెర్సీలో నాలుగేళ్ళు స్కూల్ టీమ్‌లో ఆడాడు. అందులో రెండు సీజన్లు నేను స్కోరర్ల బల్ల దగ్గర గడియారం చూసే పని చేశాను. మ్యాట్ ఎక్కకుండానే బట్టలు వేసుకుని వెనక్కి వచ్చే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఆ కారణాల్లో చాలావరకు ఒక నెల ముందు ఇంట్లో చూసుకుంటే తప్పిపోయేవే. నవంబరు దగ్గరపడుతోంది కాబట్టి, అమెరికాలో పిల్లల్ని ఈ ఆటలో చేర్చిన మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇవి హైస్కూళ్ళ జాతీయ సమాఖ్య ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ నిబంధనలు. రాష్ట్రాన్ని బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి, కోచ్‌ని అడగండి.

బరువు

అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే ఉంది. 1997 చివర్లో, నవంబరు, డిసెంబరు నెలల్లో, వేర్వేరు కాలేజీల్లో ముగ్గురు రెజ్లర్లు బరువు తగ్గించుకునే ప్రయత్నంలో చనిపోయారు. రబ్బరు సూట్లు వేసుకుని, వేడి గదుల్లో, నీళ్ళు మానేసి కసరత్తు చేశారు. ఆ తర్వాతే కాలేజీల్లో నిబంధనలు బిగించారు, తర్వాతి ఏళ్ళలో హైస్కూళ్ళకూ పద్ధతి వచ్చింది.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. సీజన్ మొదట్లో ముందుగా మూత్ర పరీక్ష చేస్తారు. మూత్రం సాంద్రత 1.025 దాటితే ఒంట్లో నీళ్ళు చాలవని అర్థం, ఇంకో రోజు రమ్మంటారు. ఆ పరీక్ష నెగ్గాక కొవ్వు శాతం కొలుస్తారు. మగపిల్లలకు 7 శాతం, ఆడపిల్లలకు 12 శాతం కంటే తగ్గే బరువుకి దిగనివ్వరు. దిగేది కూడా వారానికి ఒంటి బరువులో 1.5 శాతం మించకూడదు. 140 పౌండ్ల కుర్రాడు 132 పౌండ్ల బరువు తరగతిలో ఆడాలంటే వారానికి రెండు పౌండ్ల చొప్పున నాలుగు వారాలు పడుతుంది. అంటే జనవరి మ్యాచ్ కోసం లెక్క డిసెంబరు మొదట్లోనే వేసుకోవాలి. దీపావళి మిఠాయిలు తినేసి చివరి వారంలో కడుపు మాడ్చుకుంటానంటే కుదరదు, కుదరనివ్వకండి.

రెండు టీముల మ్యాచ్ అయితే బరువు చూసేది మొదలవడానికి గంటలోపే. టోర్నమెంటుకి రెండు గంటలు. ఆ కాస్త వ్యవధిలో పోయిన నీళ్ళు ఒంటికి తిరిగి పట్టవు. కావాలనే అంత దగ్గరగా పెట్టారు, నీళ్ళు మానేసిన పిల్లవాడు ఆ నీరసంతోనే ఆడాల్సి వస్తుందని తెలియాలని. రబ్బరు, ప్లాస్టిక్ సూట్లు, ఆవిరి గదులు, వేడినీళ్ళ స్నానాలు, మూత్రం ఎక్కువ పోయే మందులు, వీటితో బరువు తగ్గించడం నిషేధం. దొరికితే ఆడనివ్వరు. మీ బాత్‌రూమ్‌లో వేడినీళ్ళు అరగంటసేపు పారుతున్న చప్పుడు వినిపిస్తే తలుపు కొట్టండి. బరువు తగ్గాలని మావాడు ఉమ్ముతూ నింపిన సీసా వాడి గదిలో దొరికిన రోజు నేను వాడితో గొడవ పడలేదు. పక్కన కూర్చుని, పై బరువు తరగతికి వెళ్ళమని చెప్పాను. ఆ ఏడాది వాడు ఎక్కువ మ్యాచ్‌లు ఓడాడు. ఆరోగ్యంగా ఓడాడు.

ఇంట్లో ఉపవాసాలుంటే కూడా ముందే మాట్లాడుకోండి. కార్తీక సోమవారాలు సీజన్ మొదట్లో వస్తాయి, శివరాత్రి చాలాసార్లు పెద్ద టోర్నమెంట్లు జరిగే రోజుల్లోనే పడుతుంది. ఆ పుణ్యం మీరు చేయండి, పిల్లవాడికి వద్దు. బరువు చూశాక తినడానికి నేను అరటిపండు, చిన్న డబ్బాలో పెరుగన్నం, ఉప్పు కలిపిన మజ్జిగ పెట్టేవాణ్ణి. మసాలా కూరలు, నూనెలో వేయించినవి ఆ పూటకు వద్దు.

చర్మం

రెఫరీ గానీ, అక్కడ నియమించిన వైద్య సిబ్బంది గానీ పిల్లల్ని వరసగా నిలబెట్టి చర్మం చూస్తారు. చేతులు చాపమంటారు, వెనక్కి తిరగమంటారు, జుట్టు పక్కకి తీసి మెడ వెనకాల చూస్తారు. తామర, చీము పొక్కులు, హెర్పిస్ పొక్కులు, ఇవన్నీ ఒంటికి ఒళ్ళు రాసుకునే ఆటలో ఒకరి నుంచి టీమ్ మొత్తానికి పాకుతాయి.

మనవాళ్ళు తరచూ చేసే తప్పు చెబుతాను. మేమూ చేశాం. మావాడి ముంజేయి మీద అణా బిళ్ళంత గుండ్రటి మచ్చ లేచింది. అప్పుడు మా ఇంట్లో ఉన్న అత్తయ్యగారు పసుపు, వేపాకు నూరి పెట్టారు. ఆవిడ ప్రేమకి తప్పు పట్టలేను. కానీ నాలుగు రోజులకి మచ్చ అంచులు ఇంకా పాకాయి, పైన పసుపు రంగు అంటుకుని డాక్టరుకి కూడా సరిగ్గా కనబడలేదు. ముందే వెళ్ళుంటే ఒక్క మ్యాచ్‌తో పోయేది, మూడు పోయాయి.

ఒంటి మీద తామరకు సాధారణంగా కనీసం 72 గంటల మందు పడాలి. తలలో అయితే 14 రోజులు మాత్రలు. చీము పొక్కులకు 72 గంటల యాంటీబయాటిక్, పైగా కొత్త పొక్కు రాకూడదు, కారకూడదు. హెర్పిస్ మొదటిసారి వస్తే ఇంకా ఎక్కువ రోజులు ఆగాలి. ముఖ్యమైనది కాగితం. మీ రాష్ట్రం వాళ్ళ చర్మ వ్యాధుల ఫారం మీద డాక్టరు జబ్బు పేరు, ఒంటి మీద ఎక్కడుందో, మందు ఎప్పుడు మొదలైందో, ఏ తేదీ నుంచి ఆడొచ్చో రాసి సంతకం చేయాలి. అంటుకునే జబ్బుకి పైన కట్టు కట్టి తీసుకెళ్తే చాలదు. పుట్టుమచ్చ, ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి అంటుకోనివి ఉన్నా ఆ సంగతి చెప్పే కాగితం బ్యాగులో ఉంచండి. మన ఒంటి రంగు మీద ఎరుపు సరిగ్గా తెలియదు, రెఫరీకి అనుమానం రావడం సహజం. అనుమానం వచ్చాక ఆయన ఆపక తప్పదు, ఎదుటి బిడ్డ కూడా ఆయన బాధ్యతే.

ప్రాక్టీసు అవగానే స్నానం, ఏ రోజు బట్టలు ఆ రోజు ఉతకడం, తువ్వాలు, రేజరు ఎవరితోనూ పంచుకోకపోవడం. ఇంతకు మించిన మందు లేదు.

ఒంటి మీద ఏముందో

గోళ్ళు కత్తిరించి, అంచులు అరగదీసి ఉండాలి. ఒంటికి, జుట్టుకి నూనె, వేజలిన్, జిడ్డు క్రీములు ఉండకూడదు, పట్టు జారుతుంది కాబట్టి. కొబ్బరి నూనె రాసి జడ వేసే ఇళ్ళలో ఇది గుర్తుండాలి. ముందురోజు రాత్రే తలంటు పోసేయండి. చెవిపోగులు, ముక్కుపుడక, ఉంగరం, చేతి దారాలు, కంకణం ఉండకూడదు. కొత్తగా కుట్టించిన ముక్కుకి టేపు వేసి పంపిస్తామంటే ఒప్పుకోరు, అందుకే ఆడపిల్లలకి ముక్కు, చెవులు కుట్టించాలనుకుంటే సీజన్ అయ్యాక మార్చిలో కుట్టించండి. మత చిహ్నమైన పతకానికి, జబ్బు వివరాలు రాసి ఉండే మెడికల్ అలర్ట్ పతకానికి మాత్రం మినహాయింపు ఉంది, టేపు వేసి ఒంటికి అంటించాలి. జంధ్యం, మొలతాడు, తాయత్తు విషయం మ్యాచ్ రోజు తేల్చుకునేది కాదు. కోచ్‌కి ముందే చూపించి అడగండి. అయ్యప్ప మాల వేసుకోవాలని పిల్లవాడికి ఉంటే, ఆ 41 రోజులూ సీజన్ నడిమధ్యలో పడతాయి. మెడలో మాలతో ఆడలేడు, మాల తీయకూడదు. ఏ ఏడాది ఏది అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి.

జుట్టు గురించి ఒక మాట. 2018 డిసెంబరులో మా న్యూజెర్సీలోనే, జుట్టు మీది కవర్ సరిగా లేదని రెఫరీ అనడంతో, మ్యాచ్ వదులుకోలేక ఒక కుర్రాడు మ్యాట్ పక్కనే జడలు కత్తిరించుకోవాల్సి వచ్చింది. దేశమంతా ఆ వీడియో చూసి బాధపడింది. 2021–22 నుంచి జుట్టు పొడవు మీద ఆంక్ష తీసేశారు. అయినా గట్టి క్లిప్పులు, పూసలు కుదరవు, మెత్తటి బ్యాండ్లే వాడాలి. పళ్ళకి బ్రేసెస్ ఉంటే మౌత్‌గార్డ్ తప్పనిసరి. చెవులకి హెడ్‌గేర్ అందరికీ తప్పనిసరి. బూట్ల లేసులు ఊడకుండా టేపు వేయాలి, లేదా బూటుకే లాక్ ఉండాలి.

మ్యాట్ మీద ఏం జరుగుతోందో తెలిస్తే భయం తగ్గుతుంది

మన కుస్తీ చూసినవాళ్ళకీ, ఒలింపిక్స్‌లో ఫ్రీస్టైల్ చూసినవాళ్ళకీ ఈ ఆట కొంచెం కొత్తగా ఉంటుంది. రెండేసి నిమిషాల మూడు రౌండ్లు. భుజాలు రెండూ 2 సెకన్లు మ్యాట్‌కి ఆనితే చిత్తు, ఆట అయిపోయినట్టే. 2024–25 నుంచి టేక్‌డౌన్‌కి, అంటే నిలబడ్డవాణ్ణి కింద పడేసి అదుపులోకి తెచ్చుకుంటే, 3 పాయింట్లు, అంతకుముందు 2. తప్పించుకుంటే 1, కింద నుంచి పైకొస్తే 2. తేడా 15కి చేరితే అక్కడితో ఆపేస్తారు. ఫ్రీస్టైల్‌లో చెల్లే ఒక పట్టు ఇక్కడ తప్పు. కింద ఉన్నవాడి నడుము చుట్టూ రెండు చేతులూ కలిపి బిగిస్తే ఎదుటివాడికి 1 పాయింటు. వేసవిలో ఇండియా వెళ్ళి అఖాడాలో నేర్చుకొచ్చిన పిల్లలకి ఈ అలవాటు ముందు మాన్పించాలి.

నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. ఎదుటివాణ్ణి గాల్లోకి ఎత్తినవాడే వాణ్ణి క్షేమంగా కిందికి దించాలి. విసిరికొడితే అది స్లామ్, శిక్ష పడుతుంది. దెబ్బ తగిలినవాడు ఇక ఆడలేకపోతే గెలుపు దెబ్బ తగిలినవాడిదే. మెడ మీద ఫుల్ నెల్సన్ (వెనక నుంచి రెండు చంకల కిందా చేతులు దూర్చి మెడ నొక్కడం), చెయ్యి కలపకుండా తల ఒక్కటే బిగించడం, వేళ్ళు ఒకటి రెండు పట్టుకుని వెనక్కి వంచడం, మోకాలు మెలిపెట్టడం, ఇవన్నీ నిషిద్ధం. తప్పు తప్పుకీ ఎదుటివాడికి పాయింట్లు వెళ్తాయి, నాలుగోసారికి ఆట నుంచే పంపేస్తారు.

రెఫరీ ఒక చెయ్యి తన తల వెనక పెట్టుకుంటే, ఆ పట్టు ప్రమాదం వైపు వెళ్తోందని అర్థం. వెంటనే ఆపిస్తాడు, ఎవరికీ శిక్ష ఉండదు. మనవాడు గెలవబోతుంటే ఆపాడని స్టాండ్‌లో కోపాలొస్తాయి. అలాంటి ఒక క్షణంలో కింద ఉన్న పిల్లవాడి భుజం ఎటు వంగి ఉందో నేను బల్ల దగ్గర్నుంచి, నాలుగడుగుల దూరంలో చూశాను. ఆపినందుకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

దెబ్బ తగిలితే

గాయానికి మ్యాచ్ మొత్తం మీద ఒకటిన్నర నిమిషం ఇస్తారు, రెండుసార్లకు మించి ఆపనివ్వరు. రక్తం వస్తే 5 నిమిషాలు వేరే. తల, మెడకి దెబ్బ అనుమానం ఉండి, వైద్య సిబ్బంది అక్కడుంటే పరీక్షకి మరో 5 నిమిషాలు. తలకి దెబ్బ తగిలిన లక్షణాలు, అంటే తూలడం, వాంతి, స్కోరెంతో చెప్పలేకపోవడం, వెలుతురు చూడలేకపోవడం కనబడితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. వైద్యులు రాసిచ్చేదాకా మళ్ళీ మ్యాట్ ఎక్కకూడదు. "ఏం కాదులే, ఆడగలవు" అనే మాట మన నోటి నుంచి రాకూడదు. మర్నాడు పొద్దున తలనొప్పి అని పిల్లవాడు చెప్పినా కోచ్‌కి, టీమ్‌లో గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్‌కి అదే రోజు చెప్పండి. పరీక్షలున్నాయి, కాలేజీ అప్లికేషన్లున్నాయి అని దాచకండి.

స్టాండ్‌లో మనం

రెఫరీతో మాట్లాడే హక్కు కోచ్‌కి మాత్రమే ఉంది. అదీ ఆట ఆగినప్పుడు, స్కోరర్ల బల్ల దగ్గరికి వచ్చి, నిబంధన తప్పుగా అన్వయించారనుకుంటేనే. కళ్ళతో చూసి ఇచ్చిన తీర్పు మీద వాదిస్తే మొదట హెచ్చరిక, తర్వాత టీమ్ పాయింటు పోతుంది. తల్లిదండ్రులు మ్యాట్ దగ్గరికి దిగితే బయటికి పంపిస్తారు, పిల్లవాడు తలెత్తుకోలేడు. బిడ్డ కింద పడి లేవకపోయినా సరే, పిలిచేదాకా కూర్చోవాలి. అది ఎంత కష్టమో నాకు తెలుసు. ట్రైనర్ పని ట్రైనర్‌ని చేయనివ్వడమే అప్పుడు మనం చేయగల సాయం.

ఈ వారం చేయాల్సింది చెప్పి ముగిస్తాను. ఆడటానికి ఆరోగ్యం బాగుందని డాక్టరు రాసిచ్చే స్పోర్ట్స్ ఫిజికల్ ఫారం గడువు చూడండి. చర్మ వ్యాధుల ఫారం ఖాళీది ఒకటి ప్రింట్ తీసి కారులో ఉంచండి. గోళ్ళ కత్తెర, తెల్ల టేపు, అదనపు లేసులు బ్యాగు పక్క జేబులో పెట్టండి. ఆదివారం తలస్నానం అయ్యాక పిల్లవాణ్ణి వెలుతురులో నిలబెట్టి మెడ వెనక, చెవుల వెనక, మోచేతుల లోపల ఒకసారి చూడండి. మొలతాడు ఉంటే ఆ రోజే ఊరికి ఫోన్ చేయండి, విప్పాక ఎక్కడ పెట్టాలో నానమ్మే చెబుతుంది.