సేఫ్ మోడ్‌లో సాఫీగా, మామూలుగా తెరిస్తే మొరాయింపు: కారణాన్ని పట్టుకునే పద్ధతి

విండోస్ కంప్యూటర్ ఆన్ అవుతుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, డెస్క్‌టాప్ కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత మౌస్ బాణం కదలడం తప్ప మరేదీ జరగదు. ఏ ఫోల్డర్‌ను తెరవబోయినా నీలి వలయం తిరుగుతూనే ఉంటుంది, కొద్దిసేపటికి కిటికీ పైభాగంలో ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తుంది. అదే కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తెరిస్తే మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే విండోస్‌ను తుడిచిపెట్టి కొత్తగా వేయాలనుకుంటారు. అంత దూరం వెళ్లేముందు సేఫ్ మోడ్ ఇస్తున్న సాక్ష్యాన్ని వినడం మంచిది, ఎందుకంటే మామూలు మోడ్‌లో ఉండి సేఫ్ మోడ్‌లో లేనివాటిలోనే దాదాపు ఎప్పుడూ దోషి దొరుకుతుంది.

సేఫ్ మోడ్ దేనిని పక్కన పెడుతుంది

సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరైన డ్రైవర్లను (పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్), సర్వీసులను (తెర వెనుక నడిచే ప్రోగ్రాములు) మాత్రమే లోడ్ చేసుకుంటుంది. గ్రాఫిక్స్ తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ను వదిలేసి, మైక్రోసాఫ్ట్ వారి ప్రాథమిక డిస్‌ప్లే డ్రైవర్‌తో తెరను నడుపుతుంది. శబ్దం రాదు. లాగిన్ కాగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాములు మొదలుకావు. బయటి సంస్థలు అమర్చిన సర్వీసులు చాలావరకు ఆగి ఉంటాయి, ఫైళ్లను వెతికి సూచిక తయారుచేసే విండోస్ సెర్చ్ కూడా నడవదు. ఇన్నింటిని పక్కన పెట్టినప్పుడు కంప్యూటర్ బాగా నడుస్తోందంటే ప్రాసెసర్, మెమరీ, విండోస్ మూలభాగం ప్రాథమికంగా బాగానే ఉన్నాయని, పక్కన పెట్టినవాటిలో ఒకటి దారికి అడ్డుపడుతోందని భావించవచ్చు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన లోపభూయిష్టమైన అప్‌డేట్ కారణంగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ పరికరాలు నీలి తెరతో కుప్పకూలాయి. వాటిలో అనేకం సేఫ్ మోడ్‌లోనే తెరుచుకున్నాయి, అక్కడ ఆ అప్‌డేట్‌తో వచ్చిన లోపభూయిష్టమైన ఫైలును తొలగించడంతో తిరిగి కోలుకున్నాయి. అక్కడి లక్షణం మందగింపు కాకపోయినా, బయటి డ్రైవర్ ఒకటి మొత్తం వ్యవస్థను ఎలా నిలిపివేయగలదో, సేఫ్ మోడ్ దానిని ఎలా బయట ఉంచుతుందో ఆ ఘటన స్పష్టంగా చూపింది.

అయితే ఈ సాక్ష్యానికి రెండు మినహాయింపులు ఉన్నాయి. అరిగిపోతున్న హార్డ్ డిస్క్ సేఫ్ మోడ్‌లో తక్కువ ఫైళ్లను చదవవలసి రావడం వల్ల ఆరోగ్యంగా ఉన్నట్లు నటించగలదు. గ్రాఫిక్స్ చిప్‌పై బరువు పడకపోవడం వల్ల వేడి సమస్య కూడా సేఫ్ మోడ్‌లో బయటపడకపోవచ్చు. కాబట్టి ‘సేఫ్ మోడ్‌లో బాగుంది, అంటే హార్డ్‌వేర్‌లో లోపమే లేదు’ అన్న తీర్పు తొందరపాటు అవుతుంది.

సేఫ్ మోడ్‌లోకి వెళ్లడం, అక్కడ మొదట చేయవలసినది

విండోస్ 10, 11లలో షిఫ్ట్ మీటను పట్టుకొని రీస్టార్ట్ నొక్కితే మరమ్మతు ఎంపికలతో నీలి రంగు తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అనే వరుసలో వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో కూడిన సేఫ్ మోడ్ తెరుచుకుంటాయి. డెస్క్‌టాప్ దాకా కూడా రానివ్వని కంప్యూటర్ అయితే, విండోస్ మొదలవుతుండగా పవర్ బటన్‌ను నొక్కిపట్టి ఆపివేయడం రెండు మూడుసార్లు జరిగాక ఇదే మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం) రక్షణ ఉంటే ఈ దారిలో రికవరీ కీ అడగవచ్చు. ఆ 48 అంకెల కీ ఎక్కడ భద్రపరిచారో ముందే చూసుకోవాలి.

విండోస్ మొదలయ్యే తీరును మార్చే ఉపకరణమైన ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig)లో ‘సేఫ్ బూట్’ గడిలో టిక్కు పెట్టే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది కానీ, దానిని నేను సిఫారసు చేయను. ఆ టిక్కును తీసేవరకు కంప్యూటర్ ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే వస్తుంది. అక్కడ ఏ కారణం చేతనైనా పిన్ పనిచేయక, అసలు పాస్‌వర్డ్ కూడా గుర్తులేకపోతే, ఉన్న సమస్యకు మరొకటి తోడవుతుంది.

లోపలికి రాగానే ముఖ్యమైన ఫైళ్లను బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. తర్వాత చేసే మార్పులు ప్రమాదకరమైనవి కాకపోయినా, డిస్క్ మీద అనుమానం పూర్తిగా తీరలేదు గనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు. ఆపై కంప్యూటర్‌ను ఆపి, కీబోర్డు, మౌస్ తప్ప ప్రింటర్, పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ హబ్ వంటివన్నీ ఊడదీసి ఒకసారి మామూలుగా తెరిచి చూడాలి. చెడిపోయిన ఒక యూఎస్‌బీ పరికరం మొత్తం కంప్యూటర్‌ను ఎదురుచూపుల్లో పడేయగలదు. ఇది నిమిషాల్లో తేలిపోయే పరీక్ష.

సగం సగంగా వడపోయడం: క్లీన్ బూట్

లక్షణం: డెస్క్‌టాప్ వచ్చిన మొదటి కొద్ది క్షణాలు బాగానే ఉండి, ఆ తర్వాత అంతా నెమ్మదించడం. కారణం సాధారణంగా నేపథ్యంలో మొదలయ్యే ప్రోగ్రాము లేదా సర్వీసు.

సేఫ్ మోడ్ నుంచి నేరుగా మామూలు మోడ్‌కు దూకకుండా, మధ్యలో క్లీన్ బూట్ అనే మెట్టు ఉందని చాలామందికి తెలియదు. ఇందులో డ్రైవర్లన్నీ మామూలుగానే లోడ్ అవుతాయి, బయటి సంస్థల సర్వీసులు, స్టార్టప్ ప్రోగ్రాములు మాత్రమే ఆగుతాయి. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, సర్వీసెస్ విభాగంలో ముందుగా ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’ గడిలో టిక్కు పెట్టాలి. ఈ టిక్కు మరచిపోతే విండోస్‌కు చెందిన సర్వీసులు కూడా ఆగిపోయి కొత్త చిక్కులు వస్తాయి. టిక్కు పెట్టాక, రెండు చోట్లా ఏవేవి ఎనేబుల్ అయి ఉన్నాయో ముందుగా ఫోటో తీసి పెట్టుకొని, మిగిలినవాటిని ‘డిసేబుల్ ఆల్’ చేసి, టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగంలో ఉన్నవాటిని కూడా డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేయాలి.

ఇక్కడ కథ రెండు దారులుగా చీలుతుంది. క్లీన్ బూట్‌లో కంప్యూటర్ చురుగ్గా ఉంటే దోషి మీరు ఆపిన జాబితాలోనే ఉంది. అప్పుడు ఒక్కొక్కటిగా కాక, సగం సర్వీసులను ఎనేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి. సమస్య తిరిగి వస్తే దోషి ఆ సగంలో, రాకపోతే మిగతా సగంలో ఉన్నట్లు లెక్క. ఆ సగాన్ని మళ్లీ రెండుగా చీలిస్తే 32 సర్వీసులున్నా 5 రీస్టార్ట్‌లలో ఒకే పేరు మిగులుతుంది. సర్వీసులన్నీ నిర్దోషులని తేలితే స్టార్టప్ ప్రోగ్రాములకు కూడా ఇదే వడపోత చేయాలి. పేరు దొరికాక ఆ ప్రోగ్రామును అప్‌డేట్ చేయడమో, తొలగించడమో పరిష్కారం.

తొలగించే పని క్లీన్ బూట్‌లోనే చేయడం మేలు. సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు నడవదు గనుక అనేక ప్రోగ్రాములు అక్కడ అన్‌ఇన్‌స్టాల్ కావు. ఆ ఎర్రర్ చూసి ఇంకేదో చెడిపోయిందని కంగారు పడనవసరం లేదు.

క్లీన్ బూట్‌లో కూడా అదే మొరాయింపు ఉంటే, అనుమానం డ్రైవర్ల మీదికి, డిస్క్ మీదికి మళ్లాలి.

డిస్‌ప్లే డ్రైవర్

లక్షణం: తెర గడ్డకట్టినట్లు నిలిచిపోవడం, నల్లబడి తిరిగి రావడం, కిటికీని జరిపితే దాని జాడలు తెరపై మిగిలిపోవడం. తెర నిలిచిపోయిన సమయంలో విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో పాటు బీ నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ పునఃప్రారంభమవుతుంది. తెర ఒకసారి మినుకుమని తిరిగి ప్రాణం వస్తే, అనుమానం బలపడినట్లే.

నిర్ధారణకు మరింత గట్టి పరీక్ష ఉంది. సేఫ్ మోడ్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఉన్న గ్రాఫిక్స్ పరికరాన్ని డిసేబుల్ చేసి, మామూలుగా రీస్టార్ట్ చేయాలి. విండోస్ అప్పుడు ప్రాథమిక డ్రైవర్‌తోనే, కానీ మిగతా పరివారమంతటితో కలిసి లేస్తుంది. రూపం కాస్త మొరటుగా ఉన్నా వేగం తిరిగివస్తే, ముందుగా అనుమానించవలసింది ఈ డ్రైవర్‌నే. పరికరాన్ని మళ్లీ ఎనేబుల్ చేసి, దాని ప్రాపర్టీస్‌లోని డ్రైవర్ విభాగంలో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ అందుబాటులో ఉంటే ముందుగా దానిని ప్రయత్నించాలి. ఆ బటన్ మసకగా ఉంటే డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి, కంప్యూటర్ తయారీదారు వెబ్‌సైట్‌లో సరిగ్గా మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్‌ను వేయాలి. డ్రైవర్లన్నింటినీ తామే అప్‌డేట్ చేస్తామని చెప్పే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

నెట్‌వర్క్ డ్రైవర్ విషయం తేల్చడం ఇంకా సులువు. 4తో తెరిచిన సేఫ్ మోడ్ చురుగ్గా ఉండి, 5తో తెరిచినది మందగిస్తే వైఫై లేదా లాన్ డ్రైవర్‌ను, దానిమీద ఆధారపడిన ప్రోగ్రాములను పరిశీలించాలి.

యాంటీవైరస్‌లు, అసలు వైరస్‌లు

ప్రతి ఫైలును తెరిచేముందు తనిఖీ చేసే యాంటీవైరస్‌లు రెండు ఒకే కంప్యూటర్‌లో ఉంటే, ఒక ఫైలు కోసం రెండూ పోటీపడి పనిని స్తంభింపజేస్తాయి. ఒకటి తీసేస్తే చాలు. మామూలు అన్‌ఇన్‌స్టాల్ తర్వాత కూడా వాటి డ్రైవర్లు మిగిలిపోవచ్చు కాబట్టి, ఆ సంస్థే ఇచ్చే ప్రత్యేక తొలగింపు ఉపకరణాన్ని వాడాలి. వాటిలో కొన్ని సేఫ్ మోడ్‌లో నడపడానికే తయారైనవి.

వైరస్ అనుమానం ఉంటే విండోస్ సెక్యూరిటీలోని మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ మంచి ఎంపిక. విండోస్ లేవకముందే ఇది తనిఖీ చేస్తుంది గనుక దాక్కునే అవకాశం తక్కువ. సుమారు 15 నిమిషాలు పడుతుంది.

డిస్క్, వేడి

లక్షణం: క్లీన్ బూట్‌లోనూ మందగింపు, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా డిస్క్ మాత్రం 100 శాతం చూపుతూ, చదివే వేగం సెకనుకు కొన్ని కిలోబైట్లే ఉండటం. ఈ రెండు అంకెలు కలిసి కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌ను తిట్టడం ఆపి, సేఫ్ మోడ్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ విభాగం చూడాలి. డిస్క్ పేరుతో 7వ నంబరు ఈవెంట్ ఉంటే చెడిన బ్లాకు తగిలిందని, 153 ఉంటే డిస్క్ జవాబివ్వక అదే పనిని మళ్లీ ప్రయత్నించవలసి వచ్చిందని అర్థం. 129 ఉంటే డిస్క్ స్పందించక దానిని రీసెట్ చేయవలసి వచ్చిందని తెలుసుకోవాలి. 129 మాత్రమే వస్తుంటే కేబుల్, స్టోరేజీ కంట్రోలర్ డ్రైవర్ కూడా కారణం కావచ్చు, కనుక వాటిని ముందుగా సరిచూడాలి.

7 పదేపదే వస్తుంటే, డిస్క్ లోపాలను సరిచేసే చెక్‌డిస్క్ ఉపకరణాన్ని నడిపే తొందర వద్దు. చెడిన భాగాలను వెతకమని నడిపితే అది డిస్క్ మొత్తాన్ని చదివిస్తుంది, చివరిదశలో ఉన్న డిస్క్‌కు ఆ శ్రమే ప్రాణాంతకం కావచ్చు. ఫైళ్లను పూర్తిగా బయటికి తీసుకున్నాకే ఏ మరమ్మతైనా చేయాలి. నిజానికి అలాంటి డిస్క్‌ను మార్చడమే సరైన పరిష్కారం.

వేడి సంగతి క్లుప్తమే. తెరిచిన కొన్ని నిమిషాలకు ఫ్యాన్ హోరెత్తి, ఆపై మందగిస్తే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోందని అర్థం. ఫ్యాన్, గాలి దారులు దుమ్ము పట్టి ఉంటే శుభ్రం చేయాలి.

ఇటీవలి మార్పు, చివరి మార్గం

సమస్య ఫలానా రోజున మొదలైందని స్పష్టంగా తెలిస్తే, పై వడపోతకంటే సిస్టమ్ రిస్టోర్ దగ్గరి దారి. సేఫ్ మోడ్‌లో విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి ఆర్ఎస్‌టీఆర్‌యూఐ (rstrui) అని నడిపితే, ఆ రోజుకు ముందున్న పునరుద్ధరణ బిందువును ఎంచుకోవచ్చు. సొంత ఫైళ్లు అలాగే ఉంటాయి, ఆ తర్వాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు పోతాయి. మొదలైనది విండోస్ అప్‌డేట్‌తో అయితే, మరమ్మతు తెరలోని ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ద్వారా చివరి అప్‌డేట్‌ను వెనక్కి తీసుకోవాలి. సిస్టమ్ ఫైళ్లపై అనుమానం ఉంటే, అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో వాటిని తనిఖీ చేసి సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) ఆదేశాన్ని సేఫ్ మోడ్‌లోనే నడపవచ్చు.

సేఫ్ మోడ్ బాగుంది కదా అని రోజువారీ పని అందులోనే కానిచ్చేయడం తగదు. అక్కడ యాంటీవైరస్ రక్షణ సరిగా ఉండదు, అప్‌డేట్‌లు పడవు. అన్ని దారులూ మూసుకుపోయి, డిస్క్ మాత్రం ఆరోగ్యంగా ఉందని తేలితే, ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకోవచ్చు. పత్రాలు, ఫోటోలు ఉంటాయి, బయటినుంచి వేసిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి. కాబట్టి వాటి లైసెన్సు కీలను, ఇన్‌స్టాల్ ఫైళ్లను సేఫ్ మోడ్ తెరుచుకుంటున్నప్పుడే సేకరించి పెట్టుకోవాలి. రీసెట్ పూర్తయ్యాక కూడా పాత ప్రోగ్రాములన్నింటినీ ఒకేరోజు వేసేయకుండా, ఒక్కోటి వేసి, రీస్టార్ట్ చేసి, వేగం చూసుకున్నాకే తర్వాతిదానికి వెళ్లాలి.