లేఅవుట్ గీయించే ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

డ్రాయింగ్ పూర్తయ్యాక పర్యావరణ నిపుణుణ్ని పిలుద్దాంలే అనుకోకండి. ముందు స్థలంలోని చెట్లు, జీవాల సర్వే, తర్వాతే ప్లాను. సర్వే అయ్యేదాకా స్థలంలో పొద కూడా కొట్టించొద్దు.

– సర్వేకి సీజన్ ముఖ్యం. పక్షులు గూడు కట్టే కాలం, కప్పలు గుడ్లు పెట్టే కాలం, గబ్బిలాలు పిల్లల్ని పెట్టే కాలం వేరువేరు, ఒక్కటి తప్పినా మళ్లీ ఏడాది ఆగాల్సి రావచ్చు.

– ఉంచుతామన్న చెట్ల విషయంలో చాలామంది కాండం చుట్టూ నాలుగు కర్రలు పాతి ఊరుకుంటారు, అది చాలదు. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కాండం అడ్డుకొలతని (వ్యాసాన్ని) 12తో గుణించండి. 50 సెంటీమీటర్ల కాండానికి అన్ని వైపులా 6 మీటర్ల దూరంలో కంచె రావాలి. దాని లోపల ఇసుక కుప్ప, సిమెంటు, జేసీబీ ఏవీ వద్దు. మట్టి అణిగిపోతే వేళ్లకి గాలి ఆడదు, గొడ్డలి తగలకపోయినా చెట్టు కొన్నేళ్లలో ఎండిపోతుంది, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

– జోరువానలో వెళ్లి నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి. కుంట పూడ్చొద్దు.

– పోయిన చెట్లకి బదులు వేరేచోట మొక్కలు నాటడం ఆఖరి మార్గం. ముందు నష్టం తప్పించండి, కుదరకపోతే తగ్గించండి.

– అనుమతిలోని షరతులన్నీ కాంట్రాక్టర్ ఒప్పందంలో రాయించండి.