నమస్కారం పెడితే వేళ్లు కలవలేదు

ఇరవై ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. పోయిన చలికాలంలో హుక్స్ కుట్టేటప్పుడు సూది జారిపోవడం మొదలైంది, ఉంగరం వేలు ముడిస్తే మళ్లీ తెరుచుకునేది కాదు, రెండో చేత్తో లాగితే టక్కుమని విడిచేది. కత్తెర పనివల్లే అనుకుని నెలల తరబడి బామ్ రాసుకున్నాను. అది తప్పు.

డాక్టరుగారు ముందు నమస్కారం పెట్టమన్నారు. అరచేతులు ఆనించాను గానీ వేళ్ల మధ్య పెన్సిల్ దూరేంత సందు మిగిలింది, ఎంత నొక్కినా కలవలేదు. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే కొల్లాజెన్ (చర్మం, కీళ్ల చుట్టూ ఉండే ఒక ప్రోటీన్) గట్టిపడి వేళ్లు ఇలా బిగుసుకుంటాయట. నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 9.6 ఉంది! వేలు ఇరుక్కోవడం ట్రిగ్గర్ ఫింగర్, అదీ షుగర్ ఉన్నవాళ్లకే ఎక్కువ. పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుని రెండు చేతుల కణుపులూ వాస్తే మాత్రం రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు, థైరాయిడ్ తగ్గినా ఇలా అవుతుంది, అందుకే ఆ టెస్టులూ చేయించారు.

వేలికి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, నాలుగైదు రోజులు షుగర్ పెరిగింది, ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. మాత్రలు వేళకి, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి (తిమ్మిర్లుంటే వేడి తెలియదు, మోచేత్తో చూసుకోండి), వేళ్లు చాచి, కొక్కెంలా వంచి, పిడికిలి బిగించి, మళ్లీ చాచడం, పదిసార్లు. కత్తెర పిడికి మెత్తటి గుడ్డ చుట్టాను.

ఐదు నెలలకి హెచ్‌బీఏ1సీ 7.2కి వచ్చింది. చిటికెన వేలు ఇంకా పూర్తిగా చాపలేను, హుక్స్ మాత్రం మళ్లీ నేనే కుడుతున్నాను.