ఏడు సీట్ల డీజిల్ బండి ఇచ్చేసి హైబ్రిడ్ తీసుకునే ముందు: మా ఇంటి లెక్క, మా ఇంటి పద్ధతి

2016లో మేము ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ కొన్నప్పుడు ఇంట్లో ఆరుగురం. ఇప్పుడు అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి వరంగల్ హాస్టల్లో. మామయ్య లేరు. మిగిలింది మా ఆయన, నేను, మోకాళ్ల నొప్పులతో అత్తయ్య. ఆ బండి ఎక్కడానికి అత్తయ్యకు కింద ప్లాస్టిక్ స్టూలు వేయాల్సి వచ్చేది. అంత పెద్ద బండిలో నిజాంపేట నుంచి అమీర్‌పేటలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి రోజూ ఒక్కదాన్నే వెళ్లి వచ్చేదాన్ని.

బంకులో ఎంత పోయించామో రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 2021 జూన్‌లో వంద దాటింది. 2022 ఏప్రిల్‌లో రూ.119.49కి వెళ్లింది, డీజిల్ రూ.105.49. ఆ మే నెలలో కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించాక కొంత దిగింది. 2024 మార్చిలో ఇంకో రెండు రూపాయలు తగ్గించినా పెట్రోలు రూ.107.41, డీజిల్ రూ.95.65 దగ్గర ఆగాయి. ఆ ఏడాదే ఆ బండి ఇచ్చేసి హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండే కారు, తీసుకున్నాం. కాలేజీలో తోటివాళ్లు చాలామంది ఇదే ఆలోచనలో ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక నెల రాయండి

షోరూంకు వెళ్లకముందే చేయాల్సిన పని ఇది. మీ కిలోమీటర్లు ఎక్కడ తిరుగుతున్నాయో ఒక నెల రాయండి. ఊళ్లో ట్రాఫిక్‌లో ఎన్ని, హైవే మీద ఎన్ని అని రెండు గడులు చాలు. మైలేజీకి డ్యాష్‌బోర్డు అంకెను నమ్ముకోవద్దు. బంకులో పంపు దానంతట అదే ఆగేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి రీడింగ్ రాసుకోండి. మళ్లీ కొట్టించేటప్పుడు కూడా అలాగే ఆగేదాకా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. కుదిరితే అదే బంకులో, అదే పంపు దగ్గర పోయించండి.

మాకు నెలకు 1,300 కిలోమీటర్లు తేలాయి. అందులో 1,050 ఊళ్లోనే. మిగతా 250 నెలకోసారి నకిరేకల్ వెళ్లి రావడానికి. డీజిల్ బండి ఊళ్లో లీటరుకు 9.5, హైవే మీద 14 ఇచ్చేది. అంటే ఆ 2024 ధరలతో ఊళ్లో కిలోమీటరుకు పది రూపాయలు, హైవే మీద ఆరు రూపాయల ఎనభై పైసలు. ఇప్పుడు మా దగ్గరున్న 1.5 లీటర్ల పెట్రోలు హైబ్రిడ్ ఊళ్లో 22, హైవే మీద 19 ఇస్తోంది. ఊళ్లో కిలోమీటరుకు రూ.4.90 లోపే, హైవే మీద రూ.5.65. తేడా చూడండి. ఊళ్లో కిలోమీటరుకు ఐదు రూపాయలకు పైగా మిగులుతోంది, హైవే మీద రూపాయి పావలా కూడా లేదు. నెలకు మిగిలే సుమారు 5,700లో హైవే వాటా మూడొందలు కూడా కాదు.

దీనికి కారణం ఉంది. మూసాపేట, ఎర్రగడ్డ దగ్గర బండి నిమిషానికోసారి ఆగుతుంది. మామూలు బండిలో బ్రేకు నొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా ఇంధనం మండించి తెచ్చుకున్న వేగం వేడిగా మారి పోతుంది. హైబ్రిడ్‌లో ఆ సమయంలో మోటారు జనరేటరుగా పనిచేసి బ్యాటరీ నింపుతుంది. తర్వాత మెల్లగా కదిలేటప్పుడు ఇంజిన్ లేకుండా ఆ కరెంటుతోనే నడుస్తుంది. హైవే మీద వంద స్పీడులో బ్రేకే నొక్కం కాబట్టి తిరిగి పట్టుకోవడానికేమీ ఉండదు, పనంతా దాదాపు ఇంజినే చేస్తుంది. అందుకే మీ నెలలో ముప్పావు వంతు హైవే మీదే ఉంటే హైబ్రిడ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను.

ఇంకో లెక్క కూడా తప్పకుండా వేయాలి. పాత బండితో పోల్చితే ఏ కొత్త కారైనా బాగానే కనిపిస్తుంది. అసలు పోల్చాల్సింది అదే సైజు మామూలు పెట్రోలు ఆటోమేటిక్‌తో. మాకు వచ్చిన కొటేషన్లలో ఆన్‌రోడ్ తేడా దాదాపు మూడు లక్షలు. మామూలు పెట్రోలు కారుకు ఊళ్లో 12, హైవే మీద 17 అనుకుంటే హైబ్రిడ్‌తో నెలకు మిగిలేది 4,400. ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి ఐదేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. పదేళ్లు వాడే వాళ్లం కాబట్టి మాకు సరిపోయింది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు అదే మొత్తం రావడానికి పద్నాలుగేళ్లు దాటుతుంది. వాళ్లు చిన్న పెట్రోలు కారు చూసుకోవడం మేలు.

కొటేషన్లు మాత్రం కొత్తవే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీ మీద సెస్‌తో కలిపి 50 శాతం, హైబ్రిడ్ మీద 43 శాతం ఉండేది. ఇప్పుడు నాలుగు మీటర్లు దాటిన కార్లకు హైబ్రిడ్ అయినా, డీజిల్ అయినా 40 శాతమే. ఎక్స్‌షోరూం ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు మన పేరు మీద ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టించుకుంటారు. అది ఐటీ రిటర్న్‌లో తిరిగి క్లెయిమ్ చేసుకోవచ్చు. చాలామంది దాన్ని వదిలేసుకుంటున్నారు.

మైల్డా, స్ట్రాంగా?

మేము వెళ్లిన ఒక షోరూంలో అబ్బాయి "ఇదీ హైబ్రిడే మేడమ్" అంటూ మైల్డ్ హైబ్రిడ్ చూపించాడు. అందులో ఉండే చిన్న మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం చేస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తుంది. అంతేగానీ ఒంటరిగా బండిని నడపలేదు. నేను పైన చెప్పిన లెక్కలన్నీ స్ట్రాంగ్ హైబ్రిడ్‌వి. తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "ఇంజిన్ పూర్తిగా ఆగి ఉండగా కారు ముందుకు పోతుందా?" స్ట్రాంగ్‌లో మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్‌లకు కంపెనీలు చెప్పే మైలేజీ లీటరుకు 27.97. ఏడుగురు ఎక్కాల్సిన ఇంటికి ఇన్నోవా హైక్రాస్ ఉంది, దానికి 23.24. ఇవి పరీక్షలో వచ్చిన అంకెలు, మన రోడ్డు మీద అంత రావు. మీ లెక్కలో ముప్పావు వంతు వేసుకోండి.

"చార్జింగ్ ఎక్కడ పెడతారు?" అని మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ అడుగుతారు. ఈ కార్లకు ప్లగ్ ఉండదు, బ్రేకులూ ఇంజినూ కలిసి నింపుకుంటాయి. బ్యాటరీ గురించి మా ఆయన చాలా టెన్షన్ పడ్డారు. గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో ఉండేది ఒక యూనిట్ కరెంటు కూడా పట్టని 0.76 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ. తమ హైబ్రిడ్ బ్యాటరీల మీద టయోటా, మారుతి, హోండా మూడు కంపెనీలూ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చాయి. మీ బిల్లుతో పాటు ఆ కాగితం కూడా అడిగి తీసుకోండి.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద చేస్తే ఏమీ తెలియదు. మేము సాయంత్రం ఆరింటికి, ఏసీ వేసుకుని, జేఎన్‌టీయూ నుంచి భరత్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వెళ్లాం. అత్తయ్యను వెనక కూర్చోబెట్టాం. కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర చప్పుడు ఆగిపోయేసరికి "ఏమ్మా, బండి ఆగిపోయిందా?" అని కంగారు పడ్డారు. తర్వాత స్టూలు లేకుండానే దిగారు. నిజం చెప్పాలంటే అక్కడే నా నిర్ణయం అయిపోయింది. డిక్కీ మాత్రం కొలిచి చూసుకోండి. చాలా హైబ్రిడ్‌లలో బ్యాటరీ డిక్కీ అడుగున ఉంటుంది, అందుకే మామూలు మోడల్ కంటే చోటు తక్కువ. నకిరేకల్ నుంచి మేము తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తా, రెండు సూట్‌కేసులు పడతాయో లేదో నిజంగా పెట్టి చూశాం.

పాత బండి అమ్మేటప్పుడు

ఎక్స్చేంజ్ ధర ఒక్కచోటే అడిగి ఊరుకోవద్దు, కనీసం మూడు చోట్ల చూపించండి. ఫారం 29, 30 (బండి పేరు మార్పిడి ఫారాలు) మీద సంతకాలు చేశాక ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారేదాకా వెంటపడండి. బండి లోన్ మీద కొన్నదైతే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలో లోన్ పేరు తీయించే ఫారం 35 కూడా కావాలి. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండిది కాదు, మనది. అమ్మిన కాగితాలు చూపించి లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. మాకు 50 శాతం వచ్చింది. ఫాస్టాగ్ అదే రోజు మూయించండి. మేము మరిచిపోయాం. పది రోజుల తర్వాత పంతంగి టోల్ డబ్బులు మా ఖాతాలో కట్ అయ్యాయి.

నడిపే తీరు మార్చుకోవాలి

మొదటి నెల మాకు లీటరుకు 18 మాత్రమే వచ్చింది. కారులో లోపం లేదు, డీజిల్ బండి అలవాటు పోలేదు. ముందు సిగ్నల్ ఎర్రగా కనబడగానే దూరం నుంచే మెత్తగా బ్రేకు నొక్కాలి, అప్పుడే కరెంటు పడుతుంది. చివర్లో గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులే ఎక్కువగా పట్టుకుంటాయి, వేగం చాలావరకు వృథా. సిగ్నల్ దగ్గర గేరు న్యూట్రల్‌లో పెట్టకండి. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరుగుతున్నా బ్యాటరీ చార్జ్ కాదు. డీ (డ్రైవ్)లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టుకోండి. ఏసీ కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది కాబట్టి ఇంజిన్ ఆగినా చల్లగానే ఉంటుంది. కానీ మే నెలలో 18 మీద పెడితే బ్యాటరీ తొందరగా అయిపోయి, నిలబడి ఉన్నప్పుడే ఇంజిన్ లేస్తుంది. మేము 25 దగ్గర ఉంచుతాం.

శ్రీశైలం, తిరుమల లాంటి ఘాట్‌లు దిగేటప్పుడు గేరు దగ్గర బి అని ఉంటే అది వాడండి. బ్యాటరీ నిండిపోయాక ఇంజిన్ పెద్దగా మోగుతుంది, కంగారు పడొద్దు, వేగాన్ని ఆపడానికే అది. సెల్లార్‌లో మాత్రం చాలా జాగ్రత్త. చప్పుడు లేని బండి వెనక పిల్లలు సైకిల్ తొక్కుతుంటారు.

బ్యాటరీని చల్లబరిచే గాలి జాలీ ఎక్కడుందో డెలివరీ రోజే చూపించమనండి. దాని మీద సంచులు, దుప్పట్లు పెట్టవద్దు. ప్రతి సర్వీసింగ్‌లో దాన్ని శుభ్రం చేయమని రాయించండి. బానెట్ కింద కనిపించే నారింజ రంగు వైర్లు హై వోల్టేజ్‌వి. వాటి మీద చేయి వేయడానికి వీధి చివరి మెకానిక్‌కు కూడా అనుమతి ఇవ్వొద్దు. దారిలో ఆగిపోతే ముందు చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాగించకూడదు, లారీ మీద ఎక్కించే వాహనాన్నే పిలవండి.

ఇంకొకటి, ఇది మాకు తెలియక జరిగింది. అమ్మాయి పరీక్షల కోసం మూడు వారాలు వరంగల్‌లో ఉండి వస్తే కారు తలుపు కూడా తెరుచుకోలేదు. లోపల పెద్ద బ్యాటరీ ఉన్నా కారును మేలుకొలిపేది మామూలు 12 వోల్టుల బ్యాటరీయే, అది దిగిపోయింది. ఇప్పుడు ఊరెళ్తే మా మరిదికి తాళం ఇచ్చి వెళ్తాం. వారానికోసారి బ్రేకు నొక్కి బటన్ వేసి, "రెడీ" దీపం వెలిగాక అరగంట అలాగే ఉంచమని చెబుతాం. సెల్లార్‌లో కాదు, ఇంజిన్ మధ్యలో లేస్తుంది కాబట్టి బయట, చెట్టు కింద.