పిల్లలకు రైఫిల్ నేర్పించాలా? తక్కువ తన్నే తూటాలతో మొదలుపెట్టండి

టెక్సస్‌లో అక్టోబర్ చివర ఒక వారాంతం పిల్లల కోసమే జింకల వేటకు అనుమతిస్తారు. 16 ఏళ్లు, ఆ లోపు వాళ్లకే అది. ఆ నెల దగ్గరపడుతుంటే డాలస్ చుట్టుపక్కల రేంజిల్లో, అంటే తుపాకీ కాల్పులు సాధన చేసే చోట్ల, మన తెలుగు నాన్నలు కూడా కనిపిస్తారు. పక్కన పదేళ్ల పిల్లో పిల్లాడో, చేతిలో తాము వాడే .308 రైఫిల్, అంటే పెద్ద వేట తూటాది. "ఒక్కటి కాల్చి చూడరా, ఏం కాదు" అంటారు. పని చెడేది ఆ ఒక్కదానితోనే. పేలగానే రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బకు, అంటే తన్నుకు, వచ్చే భుజం నొప్పి ఒకట్రెండు రోజుల్లో పోతుంది. ట్రిగ్గర్ మీద వేలు పడగానే కళ్లు గట్టిగా మూసుకుని ఒళ్లు బిగించే అలవాటు మాత్రం ఏళ్ల తరబడి వదలదు. అది రాకుండా నేర్పే పద్ధతి ఇది.

కావలసినవి

చిన్న తూటాలు కాల్చే ఒక .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి కాల్పుకూ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది. తర్వాతి దశకు .243 లేదా .308, అది కూడా బోల్ట్ యాక్షనే. తక్కువ పవర్ తూటాలతో, తర్వాతి తూటాను తామే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు చాలావరకు సరిగా పనిచేయవు, మధ్యలో ఇరుక్కుపోతాయి. హోర్నడీ కస్టమ్ లైట్, రెమింగ్టన్ మేనేజ్డ్ రీకాయిల్ లాంటి తక్కువ తన్నే తూటాలు (కింద 'లైట్ తూటా' అన్నవి ఇవే). అదే సైజు డమ్మీ తూటాలు, అంటే పేలనివి. రైఫిల్ ఆనించడానికి ఇసుక సంచి, కళ్లద్దాలు. చెవులకు ఫోమ్ ప్లగ్గులు, వాటి పైన చెవులను కప్పే మఫ్‌లు. రెండూ ఉండాల్సిందే, ఎందుకంటే పిల్లలు తన్నుకంటే ముందు మోతకే బెదురుతారు.

తొమ్మిదేళ్లు నిండితే ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, ముందే చేయించేయండి. గొట్టం ఎప్పుడూ మనిషి వైపు తిరగకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు రాకూడదు, ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి, గురి వెనక ఏముందో చూసుకోవాలి. ఈ నాలుగూ అడక్కుండానే అప్పజెప్పే వరకు రేంజికి తీసుకెళ్లకండి.

తన్ను ఎలా తగ్గుతుంది?

బుల్లెట్ (తూటాలోంచి దూసుకెళ్లే ముక్క) బరువు, దాని వేగం, తూటాలో పౌడర్ (మందు) ఎంత ఉంది, రైఫిల్ ఎంత బరువు అన్నదాన్ని బట్టి తన్ను ఉంటుంది. మామూలు .308 తూటాలో 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం) బుల్లెట్ సెకనుకు సుమారు 2,800 అడుగుల వేగంతో వెళ్తుంది. లైట్ తూటాలో 125 గ్రెయిన్లు, 2,675 అడుగులు. పౌడర్ కూడా తక్కువే. అదే రైఫిల్‌లో తన్ను మూడో వంతు నుంచి దాదాపు సగం దాకా తగ్గుతుంది.

దుకాణాల్లో 'యూత్' అని అమ్మే బుల్లి రైఫిళ్లతో జాగ్రత్త. స్టాక్, అంటే భుజానికి ఆనే వెనక భాగం, పొట్టిగా ఉండటం మంచిదే, కానీ బరువు తగ్గేకొద్దీ తన్ను పెరుగుతుంది. ఆరు పౌండ్ల రైఫిల్‌లో మామూలు .308 వేసి పిల్లల చేతికివ్వడం కన్నా చెడ్డ మొదలు లేదు. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌నైనా ఇసుక సంచి మోస్తుంది, బరువని భయపడక్కర్లేదు.

కొందరు గొట్టం కొసకు మజిల్ బ్రేక్ అనే, తన్ను తగ్గించే పరికరం బిగిస్తారు. తన్ను తగ్గే మాట నిజమే, కానీ మోత పెరిగి పక్కకు, వెనక్కి కొడుతుంది. పిల్లల రైఫిల్‌కు అది వద్దు. స్టాక్ వెనక మెత్తటి రబ్బరు ప్యాడ్ తొడగడం కూడా నాకు నచ్చదు. అసలే పొడుగైన స్టాక్ ఇంకో అంగుళం పెరుగుతుంది. పెద్దల స్టాక్ ట్రిగ్గర్ నుంచి చివరి దాకా పదమూడున్నర అంగుళాలుంటుంది. పదేళ్ల వాళ్లకు పన్నెండు చాలు.

ఇంట్లో మిగిలిన తూటాల్లో పౌడర్ తగ్గించుకుంటామనే వాళ్లూ ఉన్నారు. ఆ పని చేయకండి. కొన్ని రకాల నెమ్మదిగా మండే పౌడర్ మరీ తక్కువైతే ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు.

ముందు .22, తర్వాత మీ పని

.22తో 25 గజాల దూరంలో కాగితం మీద, డబ్బాల మీద కాల్పించండి. పిల్లలు నవ్వుతూ ఇంకో పెట్టె అడిగే దాకా ఇదే. దీనికి గడువు లేదు.

పెద్ద రైఫిల్ మాత్రం ముందు మీరే సిద్ధం చేయండి. లైట్ తూటా మామూలు తూటా తగిలిన చోట తగలదు. స్కోప్‌ను, అంటే రైఫిల్ మీది గురిచూసే దుర్భిణిని, మళ్లీ దానికే సరిచేయాలి. ఆ కాల్పులన్నీ మీ భుజం మీదే జరగాలి. స్కోప్‌కూ కంటికీ మధ్య కనీసం మూడు, మూడున్నర అంగుళాలు ఉండాలి. పిల్లలు మెడ ముందుకు సాగదీస్తారు, స్కోప్ అంచు కనుబొమను కోస్తుంది. ఒక్కసారి రక్తం చూస్తే ఆ పిల్ల మళ్లీ రైఫిల్ ముట్టదు.

అసలు కష్టమైన చోటు

.22 నుంచి పెద్ద తూటాకు మారే రోజు ఇది. ఇక్కడ తొందరపడితే పైన చేసిందంతా వృథా.

ముందుగా "గట్టిగా తంతుంది, పట్టుకో" అనకండి. అలా అనగానే పిల్లలు బిగుసుకుపోతారు. "ఏం తన్నదు" అని అబద్ధమూ ఆడకండి. "కొంచెం తోస్తుంది నాన్నా, నీ ముందే నేను కాలుస్తాను చూడు" అని అదే తూటా మామూలుగా కూర్చుని కాల్చి చూపించండి. ఫోన్‌లో వీడియో తీయొద్దు, తాతయ్యకు పంపాలనే టెన్షన్ కూడా పిల్లల మీద పెట్టొద్దు.

బల్ల ఎత్తు సరిచూడండి. బల్ల మీదకు వంగి కాలిస్తే ఒళ్లు వెనక్కి కదలడానికి చోటుండదు, తన్నంతా భుజం ఎముక మీదే పడుతుంది. ఇసుక సంచి ఎత్తు పెంచి, వీపు నిటారుగా ఉండేట్టు కూర్చోబెట్టండి. స్టాక్ చివర భుజం గుంటలో ఆనాలి, చేతి కండ మీద కాదు.

ఇక తూటాలు మీరే పెట్టండి. ఒక్కోసారి ఒక్కటే. కొన్నిసార్లు అసలుది, కొన్నిసార్లు డమ్మీ. ఏది పెట్టారో పిల్లలకు తెలియకూడదు, ఈ ఆట ఉంటుందని మాత్రం ముందే చెప్పండి. పేలకపోతే మీరు ముట్టుకునే దాకా గొట్టం గురి వైపే ఉండాలి. బోల్ట్ మీరే తెరవాలి, అర నిమిషం ఆగాకే.

డమ్మీ వేసినప్పుడు గురి కాగితం వైపు చూడకండి, పిల్ల ముఖం చూడండి. ట్రిగ్గర్ కదలడానికి ఒక క్షణం ముందు కనురెప్ప ముడతలు పడుతుందా? ముందు చేతి వేళ్లు పట్టు బిగించి తెల్లబడుతున్నాయా? టక్కుమనగానే గొట్టం కొస కిందికి వంగిందా? ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ రోజుకు పెద్ద రైఫిల్ పక్కన పెట్టేయండి. తిట్టకండి, వివరించకండి. మళ్లీ .22 ఇచ్చి, నాలుగు డబ్బాలు పడగొట్టించి ఇంటికి తీసుకెళ్లండి.

ముఖం ప్రశాంతంగా ఉన్నా మొదటి రోజు పెద్ద తూటాలు ఐదు దాటకూడదు. "ఇంకొక్కటి నాన్నా" అన్నా ఐదే. అలసిన భుజం ఆరో తూటాకు బెదరడం నేర్చుకుంటుంది. ప్రతి కాల్పు తర్వాత "నొప్పి పుట్టిందా?" అని అడిగే అలవాటు కూడా మానుకోండి. నొప్పి గురించి ఆలోచన లేని పిల్లకు ఆ ఆలోచన మీరే ఇస్తున్నారు. "ఎక్కడ తగిలిందనుకుంటున్నావ్?" అని అడగండి.

వేటకు వెళ్లేటప్పుడు

నేర్పిన లైట్ తూటాలే తీసుకెళ్లండి. జింక కోసమని ఆఖరి రోజు మామూలు పెట్టె తెచ్చి వేయకండి, గురి తప్పుతుంది. దూరం 150 గజాల లోపు ఉంటేనే కాల్పించండి. రెండు రకాల తూటాలు ఒకే సంచిలో ఉండకూడదు. రేంజిలోనైనా అడవిలోనైనా కాల్పులు అయ్యాక చేతులూ ముఖమూ సబ్బుతో కడిగించండి. సీసం ధూళి నోట్లోకి పోకూడదు, తినడానికి ఏదిచ్చినా ఆ తర్వాతే.