బ్రిటన్ ఇళ్లలో హీటింగ్ ఆగినప్పుడు, బాయిలర్ (నీటిని వేడిచేసే గ్యాస్ యంత్రం) జోలికి వెళ్లేముందు పాటించాల్సిన జాగ్రత్తలు

గ్యాస్ వాసన వస్తే పరిశీలన అక్కడితో ఆపి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా, మీటరు దగ్గరి వాల్వు మూసి, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లి గ్యాస్ అత్యవసర నంబరు 0800 111 999కు ఫోన్ చేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కనుక దాని అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి ముందే చూసుకోవాలి. బాయిలర్ మూత విప్పడం మాత్రం ఎంత చేయి తిరిగినవారైనా చేయకూడదు. అది గ్యాస్ పనికి అర్హులైనవారి అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజనీరు పని, ఆయన గుర్తింపు కార్డు అడిగి చూడటానికి మొహమాటపడకండి.

గదిని వేడిచేసే రేడియేటర్ (వేడినీరు పారే గోడ పలక) పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. హీటింగ్ ఆపి, రేడియేటర్ పూర్తిగా చల్లారాక, పైభాగంలోని గాలి వాల్వు కింద పాత గుడ్డ పట్టుకుని, దానిలో పెట్టిన చిన్న తాళంచెవిని అర చుట్టు మాత్రమే తిప్పితే, సుయ్యిమంటూ గాలి పోయి నీటి చుక్క కనిపిస్తుంది, వెంటనే బిగించాలి. ఆ నల్లటి నీరు కార్పెట్ మీద పడితే మరక ఒక పట్టాన వదలదు.

తరువాత బాయిలర్ నీటి ఒత్తిడిని చూపే ప్రెషర్ ముల్లు చూడాలి. వ్యవస్థ చల్లగా ఉన్నప్పుడు అది సాధారణంగా 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. తక్కువగా ఉంటే ఫిల్లింగ్ లూప్ (కుళాయి నీటిని వ్యవస్థలోకి పంపే గొట్టం) ద్వారా నీరు నింపాక, దాని వాల్వులు రెండూ మూశారా అని మరోసారి చూసుకోండి.

గడ్డకట్టే చలిలో బాయిలర్ వదిలే నీటిని బయటికి పంపే కండెన్సేట్ పైపు మంచుతో మూసుకుపోతే దాని మీద మరిగే నీళ్లు పోయకూడదు, గోరువెచ్చని నీళ్లే పోయాలి.