మేడ మీదికి సబ్ డీబీ: ఎలా పెట్టించాలి?

మేడ మీద గదులు వేశాక, ఒక్కో గదికి కింది నుంచి విడిగా వైరు లాగించకండి. మెయిన్ డీబీ (కరెంటును గదులకు పంచే పెట్టె) నుంచి ఒకే లావు కేబుల్ పైకి తెచ్చి, అక్కడ చిన్న డీబీలో, అంటే సబ్ డీబీలో పంచితే పై ఇంటి కరెంటు పైనే ఆపుకోవచ్చు. పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మెయిన్ స్విచ్ దించినా మీటరు వైపు తీగల్లో కరెంటు ఉంటుంది.

1. లోడు లెక్క. ఒకటిన్నర టన్ను ఏసీ 1,700 వాట్లు, గీజర్ 2,000, ఇస్త్రీ పెట్టె 1,000, లైట్లు, ఫ్యాన్లు, టీవీ 800 అనుకుంటే మొత్తం 5,500 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 24 ఆంపియర్లు. మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు దీనికి చాలకపోతే ముందు అది పెంచుకోవాలి.

2. కేబుల్. ఈ లోడుకు మెయిన్ డీబీలో 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్; డబుల్ పోల్ అంటే ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెంచేది), అక్కడి నుంచి 6 చదరపు మి.మీ. రాగి వైరు. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ పైకి రావాలి. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 40ది బిగిస్తే, ఈసారి ఎంసీబీ పడే బదులు వైరు కాలుతుంది.

3. పై డీబీలో ముందుగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్): మోసే కరెంటు 40 ఆంపియర్లు, లీకు హద్దు 30 మిల్లీ ఆంపియర్లు. ఇది షాక్ నుంచి కాపాడుతుంది గానీ ఓవర్‌లోడును ఆపదు, అది ఎంసీబీల పని. లైట్లకు 1.5 చదరపు మి.మీ. వైరు, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మి.మీ. వైరుతో 20 ఆంపియర్లవి, విడివిడిగా.

4. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పై డీబీలో న్యూట్రల్ లింకూ ఎర్త్ లింకూ (ఆయా తీగలన్నీ బిగించే లోహపు పట్టీలు) ఒకదానికొకటి తగలకూడదు. కలిపితే, తిరిగి వెళ్లే కరెంటులో కొంత ఎర్త్ తీగలోకి మళ్లుతుంది, కింద ఆర్‌సీసీబీ ఉంటే వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా కనిపెట్టి పడిపోతుంది. అంతకన్నా ప్రమాదం, కింది నుంచి వచ్చే న్యూట్రల్ తెగినప్పుడు: లోడంతా ఎర్త్ తీగ మీదే పడుతుంది, ఆ ఎర్త్ బలహీనంగా ఉంటే గీజర్, ఫ్రిజ్ ఒంటికి షాక్ వస్తుంది. కింది గదుల న్యూట్రల్‌ను పై లింకులో బిగించినా ఆర్‌సీసీబీ నిలబడదు.

5. పరీక్ష. కింది ఎంసీబీ, పై ఆర్‌సీసీబీ రెండూ దించి, ప్లగ్గులన్నీ తీసేసి, న్యూట్రల్, ఎర్త్ లింకుల మధ్య మల్టీమీటర్‌ను బీప్ (కంటిన్యూటీ) మోడ్‌లో పెట్టించండి. బీప్ రాకూడదు. తర్వాత కరెంటు ఇచ్చి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడాలి. గీజర్, ఏసీ గంటసేపు నడిపాక డీబీలోంచి కాలిన వాసన వస్తే ఎక్కడో స్క్రూ వదులుగా ఉన్నట్టే. కరెంటు తీయించి మళ్లీ బిగించాలి, నల్లబడిన వైరు కొస కత్తిరించి కొత్త లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) వేయించాలి.